తిలకవతి కుడి తోళు

ఆ చేతిని చంపింది మీరు.

మిల్లు దొరా, నువ్వు. ఊరు వదిలి ఓడెక్కే తొందరలో రోగికి వీపు చూపించి నిలబడ్డ డాక్టరూ, నువ్వు. తెల్లకోటు వేసుకుని, రెండు భాషలు వచ్చునని మురిసిపోయిన కాంపౌండరు బాపిరాజూ, నువ్వు కూడా. ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎక్కాక ఆ కుర్చీల్లోనే కూర్చుని, "అది పాతవాళ్ళ కాలంలో జరిగింది కదా" అంటున్న కొత్త ఆఫీసర్లూ, మీరూ. "యంత్రం పట్టా లాగింది, దాని ఖర్మ" అని అందరూ కలిసి ఒకే పాట పాడుతున్నారు. పట్టా లాగింది, నిజమే. రెప్పపాటులో లాగి వదిలేసింది. మీరు వారాల తరబడి వదల్లేదు.

ఏం జరిగిందో చెబుతాను. మెరుగులు దిద్ది చెప్పడం నాకు రాదు. వచ్చినా ఈ సంగతికి మెరుగులు అక్కర్లేదు.

తిలకవతి ముదలియార్‌పేట మనిషి. మా సందులో చివరి ఇంటి కోడలు. మొగుడు సుబ్బరాయలు అదే మిల్లులో బేళ్ళు మోస్తాడు. అత్త మీనాంబాళ్ ఇంట్లో ఉండి రెండేళ్ళ మనవరాలిని చూసుకుంటుంది. ఎన్ని తరాల కింద ఈ వైపు వచ్చారో వాళ్ళకే తెలియని తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. రెండూ కలిసిపోయి, ఏ మాట ఏ భాషదో విడదీయలేనంతగా అల్లుకుపోయాయి. తెలుగు అక్షరం ఆ ఇంట్లో ఎవరికీ రాదు.

ఆమె పని రీలింగు సెక్షనులో. కండెల మీది నూలును చట్రానికి చుట్టి చిలపలు చేయడం, ఆ చిలపల్ని తీసి గోడ మీది కొక్కేలకు తగిలించడం. ఆ కొక్కేలు కొట్టించిన దొర ఎవడో గాని తన ఎత్తుకు సరిపోయేలా కొట్టించాడు. ఆడవాళ్ళు మునివేళ్ళ మీద లేచి, చెయ్యి చెవి పక్కకు ఎత్తి, వెనక్కి వంచి తగిలించాలి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే. తిలకవతివి పొడుగు చేతులు. తక్కినవాళ్ళు ఆమెను "కొక్కు, కొక్కు" అని కొంగతో పోల్చి ఏడిపించేవాళ్ళు. "కొక్కుకు వరం కదబ్బా, మీకు కడుపుమంట" అని ఆమె నవ్వేది. పొట్టివాళ్ళ చిలపలు కూడా తనే తగిలించేది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం. ఫ్రెంచివాళ్ళు ఉండాలా పోవాలా అని కీళూరులో ప్రతినిధులు ఓటు వేయబోతున్నారని ఊరంతా అదే మాట. మేస్త్రీలూ అదే మాట. దొరలు గదుల్లో కూర్చుని పెట్టెలు సర్దుకుంటున్నారు. యంత్రాలకు మాత్రం ఓటుతో పని లేదు, తిరుగుతూనే ఉన్నాయి. తిలకవతి ఎత్తిన చేతిలోంచి ఒక చిలప జారి, వెనక యంత్రాన్ని తిప్పుతూ పరిగెడుతున్న పట్టా మీద పడింది. రెండో కొస ఆమె మణికట్టుకు చుట్టుకుని ఉంది. పట్టా చిలపను లాక్కుంది, చిలప చేతిని లాక్కుంది. పైకీ, వెనక్కీ. నూలు తెగింది గనక చెయ్యి మిగిలింది. ఆ పట్టాకు తడిక కట్టండి అని ఆడవాళ్ళు ఏడాదిగా అడుగుతున్నారు. అది వేరే పాపం. దాని లెక్కా మీదే.

ఇక్కడ ఒక్క మాట. మనిషి ఒంట్లో కీళ్ళన్నీ ఒక రకం కావు. ఇది తెలుసుకోడానికి కాలేజీ అక్కర్లేదు, మీ ఒళ్ళు మీరు కదిపి చూసుకోండి. మోకాలు తలుపు బందు లాంటిది. ముడుచుకుంటుంది, చాచుకుంటుంది, అంతే. మోచేయి కూడా దాదాపు అంతే. తొడ కీలు వేరు. తొడ ఎముక తల గుండ్రంగా ఉండి, లోతైన గిన్నెలో బాగా లోపలికి దిగి కూర్చుంటుంది. దాన్ని ఊడదీయాలంటే మీద బండి ఎక్కాలి. భుజంలోనూ గుండూ గిన్నే. కానీ ఆ గిన్నెకు లోతు లేదు. సాసరులో నిమ్మకాయ పెట్టినట్టు ఉంటుంది. నిమ్మకాయ దొర్లిపోకుండా చుట్టూ సంచి లాంటి పొర. దాని మీద చిన్న కండరాలు నాలుగు వేళ్ళలా చుట్టుకుని పట్టుకుంటాయి. కింది వైపు మాత్రం ఆ పట్టు తక్కువ. చెయ్యి ఎత్తి ఉన్నప్పుడు ఎవడైనా వెనక్కి లాగితే, గుండు ఆ కింది సందులోంచే జారి ముందుకు వచ్చేస్తుంది.

అంత వదులు కీలు ఎందుకు ఇచ్చాడు దేవుడు? వదులుగా ఉంది కాబట్టే మనిషి వీపు రుద్దుకుంటాడు, జడ వేసుకుంటాడు, పిల్లను ఎగరేసి పట్టుకుంటాడు. ఒంట్లో ఏ కీలూ తిరగనన్ని వైపులకు అది తిరుగుతుంది. మిల్లు లాభమంతా ఆ వదులు మీదే నడుస్తోంది. తోళ్ళు బిగిసిపోయి ఉంటే మీ కొక్కేలకు ఒక్క చిలప ఎక్కదు.

తోళ్ళు అన్నాను చూశారా. మా వైపు తెలుగు ఇళ్ళల్లో భుజాన్ని భుజం అనం, తోళు అంటాం. అరవం నుంచి వచ్చి మా మాటైపోయింది. ఒంటి మీది చర్మం తోలు. భుజం తోళు. నాలుక కాస్త మడిస్తే ఒకటి, మడవకపోతే ఒకటి. మాకు ఎన్నడూ తికమక పడలేదు.

తిలకవతిని మిల్లు వైద్యశాలకు తీసుకెళ్ళింది ఇద్దరు. సుబ్బరాయలు, పక్క చట్రం మీద పనిచేసే జయమ్మాళ్. జయమ్మాళ్ తమిళ మనిషి. తిలకవతి ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని, ఒక పక్కకు వంగి నడుస్తోంది. కుడిచెయ్యి ఒంటికి ఆనడం లేదు, కొంచెం ఎడంగా వేలాడుతోంది.

అరుగు మీదే బాపిరాజు ఎదురొచ్చాడు. యానాం నుంచి వచ్చి ఏడాది. తమిళం సరిగా రాదు, ఫ్రెంచి బాగా వచ్చు. ఊళ్ళో తెలుగు మాట వినక మొహం వాచిపోయి ఉన్నాడు. జయమ్మాళ్ తమిళంలో గబగబా మొదలుపెట్టింది. ఎముక గుంటలోంచి తప్పింది, చూడండి, చూడండి అని. బాపిరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నిదానం అమ్మా, అరవం నాకు సగమే తెలుస్తాది."

అంతలో తిలకవతి, "అమ్మా, నా వల్ల కాదే, కూచోబెట్టండే" అంది.

బాపిరాజు మొహం వెలిగిపోయింది. "మీరు తెలుగోళ్ళా అండీ!"

"ఆమా సామీ, మాది తెలుగే" అన్నాడు సుబ్బరాయలు.

"ఏ ఊరండి మీది?"

"ఈ ఊరే. ముదలార్‌పేట."

"ఆయ్! మరి ముందే చెప్పొద్దా అండీ! రండి, లోపలికి రండి. మనోళ్ళు ఉండగా అరవం ఎందుకండీ? ఏవమ్మా, నువ్వు కాస్త బయట కూర్చో" అని జయమ్మాళ్‌ను గుమ్మం బయటే ఉంచేశాడు.

చూసిన మనిషిని బయట పెట్టాడు. తన భాషవాళ్ళను లోపలికి పిలిచాడు. ప్రేమతోనే పిలిచాడు. పగవాడు చేసి ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణి.

లోపల దొర డాక్టరు కిటికీ దగ్గర నిలబడి పుస్తకాలు పెట్టెలో సర్దుకుంటున్నాడు.

"ఏం జరిగిందండి?"

"పట్టా ఈడ్చేసింది సామీ. తోళు ఊడిపొయ్యింది."

"తోలు ఊడిపోయిందా? అయ్యయ్యో. చూపించమ్మా."

ఆమె రవిక చెయ్యి కింద, మోచేతికి పైన, చట్రం స్తంభానికి రాసుకుని అరచేయంత మేర చర్మం లేచిపోయి ఉంది. ఎర్రగా, తడిగా. బాపిరాజు చూసి నాలుక చప్పరించాడు. "ఊఁ, బాగానే ఊడింది." ళకారం అతనికి వినపడకపోలేదు. ఈ వైపు వాళ్ళ యాస అలాగే ఉంటుందిలే అనుకున్నాడు. పైగా కంటికి ఎదురుగా తోలు ఊడి ఉంది. ఇక అడగడానికేముంది?

దొర వైపు తిరిగి ఫ్రెంచిలో ఏదో చెప్పాడు. అందులో ఒక మాట వీళ్ళకు అర్థమైంది. "పో."

సుబ్బరాయలు బెదిరి పెళ్ళాం ఎడమ రెక్క పట్టుకున్నాడు. "పోతాం సామీ, పోతాం. కోపం వద్దు."

బాపిరాజు పకపకా నవ్వాడు. "మిమ్మల్ని కాదండీ బాబూ! తోలుని దొరగారి భాషలో పో అంటారు."

"అట్లనా! తోళుని పో అంటారా!" అన్నాడు సుబ్బరాయలు. బాధలో ఉండి కూడా తిలకవతి నవ్వింది. గోదావరి వాళ్ళ నాలుక తిరగక తోళును తోలు అంటున్నాడు పాపం అనుకున్నారు ఇద్దరూ. ఆయన వీళ్ళ యాసను క్షమించాడు, వీళ్ళు ఆయన యాసను క్షమించారు. ఆ మర్యాదలోనే చెయ్యి పోయింది.

దొర పెట్టె మీద వంగినవాడు వంగినట్టే తల ఊపాడు. మందు పేరు ఒకటి చెప్పాడు. రోగి దగ్గరకు అడుగు వేయలేదు. రవిక జరిపి భుజం చూడలేదు. బాపిరాజు మందు రాసి, గుడ్డ చుట్టి, చేతిని ఛాతీకి ఆనించి కట్టబోయాడు. తిలకవతి పెట్టిన కేకకు బయట జయమ్మాళ్ లేచి నిలబడింది. ఆ కేక ఎముకది. జారిన గుండు అడ్డం ఉండగా చెయ్యి ఒంటికి ఆనదు. బాపిరాజుకు అది పచ్చిపుండు మంటగా వినపడింది.

"ఓర్చుకోవాలమ్మా, ఓర్చుకోవాలి. తోలు దానంతటదే అతుక్కుంటుంది. కదపకుండా ఉంచు, అంతే."

"అతుక్కుంటాదా సామీ?" అన్నాడు సుబ్బరాయలు.

"నే చెప్తున్నాగా. మనోళ్ళకి అబద్ధం చెప్తానా?"

బయటికి వచ్చాక జయమ్మాళ్ అడిగింది, ఏం చేశారని. సుబ్బరాయలు గర్వంగా చెప్పాడు. "డాక్టరే చూసినాడు. దానికదే అతుక్కుంటాదంట." డాక్టరు చూడలేదు. పేదవాడు చూశాడనే అనుకుంటాడు.

ఇంట్లో మీనాంబాళ్‌కు మొదట్నుంచీ నమ్మకం లేదు. కోడలి రెండు భుజాలూ పక్కపక్కన చూసి, "ఇదేందిరా, ఎడమ తోళు గుండ్రంగా ఉండాది, కుడిది పలకమాదిరి చదునైపొయ్యిందే! కాళియప్పన్‌ని పిలస్తా, ఒక ఈడుపు ఈడస్తే కూచుంటాది" అంది. కాళియప్పన్ మేట్టుపాళయం వైపు ఎముకలకు కట్టుకట్టే మనిషి.

సుబ్బరాయలు ఒప్పుకోలేదు. "ఊరుకో మా. డాక్టరు దగ్గరుండే మనిషి, మన తెలుగాయన, కదపొద్దని చెప్పినాడు. ఆ నాటుమనిషి ఈడ్చి విరగ్గొడితే?"

"మనాయన అయితే తోళుకి కండ్లు పెట్టి చూసినాడా?"

"చూసినాడు. దానికి పో అని పేరు కూడా చెప్పినాడు."

ఆ మాట సందంతా పాకింది. పిల్లలు ఒకరి భుజం ఒకరు తట్టి "నీ పో, నీ పో" అని ఆడుకున్నారు. తిలకవతి గోడకు ఆనుకుని కూర్చుని చూసేది. కదపొద్దన్నారు, కదపలేదు. చెప్పిన మాట విన్నది. కట్టు విప్పి చూస్తే చర్మం చక్కగా మానుతోంది. బాపిరాజు వారం వారం చూసి సంతోషపడ్డాడు కూడా. "బ్రహ్మాండంగా అతుక్కుంటోందండీ!" మనిషి లోపల మాత్రం ఖాళీ పడ్డ గిన్నెలోకి పీచు పెరిగింది. చిరిగిన సంచి ఎక్కడిదక్కడ ముడుచుకుని అతుక్కుంది. కండరాలు పొట్టివైపోయాయి. గుండు జారిన చోటే, చంక వైపు, కొత్త గుంట చేసుకోవడం మొదలుపెట్టింది. ఒళ్ళు ఊరికే ఉండదు. దానికి సరైన చోటు చూపించకపోతే తప్పు చోటే ఇల్లు కట్టుకుంటుంది.

నవంబరు మొదటి తారీఖు వచ్చింది. జెండా మారింది. వీధులన్నీ తోరణాలు, బాణాసంచా, గొంతులు పోయేలా కేకలు. మా సందు మొత్తం సముద్రం ఒడ్డుకు నడిచింది. తిలకవతీ వచ్చింది, పాపను అత్త ఎత్తుకుంది. ఎవరో జై కొట్టారు. వేలమంది చేతులు ఒక్కసారి పైకి లేచాయి.

జయమ్మాళ్ పక్కనే ఉంది. ఉత్సాహంలో, "కొక్కూ, ఏం చూస్తున్నావు? చెయ్యెత్తు!" అంది.

తిలకవతి కుడి మోచెయ్యి కొంచెం కదిలింది. భుజంతో పాటు మెడా నడుమూ వంకర తిరిగాయి. చెయ్యి మాత్రం లేవలేదు.

"రాదు అక్కా."

"పుండు మానిపోయిందన్నారు కదే?"

"పుండు మానింది. నా పో ఇంకా మానలేదు" అని తిలకవతి నవ్వబోయింది.

నేను వెనకే ఉన్నాను. "పో ఏంది తిలకం?" అన్నాను.

"తోళు, అన్నా. దొరబాసలో తోళుని పో అంటారంట. కాంపౌండరు చెప్పినాడు."

మిల్లు గోడల మీది నోటీసులు కూడబలుక్కుని చదివితే ఎవడికైనా నాలుగు ఫ్రెంచి ముక్కలు వస్తాయి. పో అంటే తోలు. పైన ఉండే చర్మం. తోళుకు వాళ్ళ మాట వేరే. జయమ్మాళ్‌తో, "రవిక మీదనే చెయ్యి పెట్టి చూడు" అన్నాను. ఆమె వేళ్ళు భుజం కొన మీద పెట్టింది. కొన ఎముక కింద గుండు ఉండాల్సిన చోట వేళ్ళు లోపలికి దిగిపోయాయి. జయమ్మాళ్ చెయ్యి వెనక్కి లాక్కుని, నోట్లో కొంగు కుక్కుకుంది. చుట్టూ జనం చేతులెత్తుతూనే ఉన్నారు.

మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. దేవరాజన్ అనే కొత్త డాక్టరు, మద్రాసు వైపు నుంచి వచ్చినవాడు. భాష అడగలేదు. ముందు రెండు భుజాలూ చూశాడు. తరవాత తమిళంలో, "ఈ చేత్తో ఆ తోళు ముట్టుకోమ్మా" అన్నాడు. కుడి అరచెయ్యి ఎడమ భుజం మీద పెట్టాలి. పసిపిల్ల చేసే పని. తిలకవతి చెయ్యి మధ్యదాకా వచ్చి ఆగిపోయింది. వేళ్ళు గాలిలో ఆడాయి.

"ఎప్పుడు జరిగింది?" అన్నాడు. చెప్పాం. ఆయన కుర్చీ వెనక్కి జరిపి కూర్చున్నాడు.

"ఆ రోజే వచ్చి ఉంటే పడుకోబెట్టి, మెల్లగా లాగి, పంపించేవాణ్ణి. సాయంత్రానికి ఇంట్లో కాఫీ తాగేది."

మత్తిచ్చి ప్రయత్నించాడు. మేం తలుపు బయట ఉన్నాం. చాలాసేపయ్యాక ఒళ్ళంతా చెమటతో బయటికి వచ్చాడు. ఇంకా లాగితే ఎముక విరుగుతుంది, లేకపోతే చంకలోని రక్తనాళం తెగుతుంది, ప్రాణానికి వస్తుంది అన్నాడు. కోసి చేసే పని మద్రాసులో ఉందని, చేసినా చెయ్యి చెవి పక్కకు లేస్తుందని తాను మాట ఇవ్వలేనని అన్నాడు. సుబ్బరాయలు ఆ మాటల్లో ఒక్కటే పట్టుకున్నాడు.

"అతుక్కుంటాదని చెప్పినాడే సామీ."

"ఏది అతుక్కుంటుందని?"

"తోళు."

డాక్టరు నా వైపు చూశాడు. నేను విడమర్చి చెప్పాను, రెండు మాటలూ పక్కపక్కన పెట్టి. సుబ్బరాయలు విన్నాడు. గోడ వైపు తిరిగి, అక్కడే నిలబడిపోయాడు. మీనాంబాళ్ కొంగు బిగించుకుని నేరుగా మిల్లు వైద్యశాలకు నడిచింది. ఆమె వెనకే మేం పరిగెత్తాం.

బాపిరాజు ఎప్పటిలాగే నవ్వుతూ లేచాడు. "రండి పెద్దమ్మగారూ, కోడలికి ఎలా ఉందండి?"

మీనాంబాళ్ తన భుజం మీద తానే చరుచుకుంది. "దీన్ని ఏమంటావు నువ్వు?"

"అదా అండీ? భుజం."

"మేం తోళు అంటాం."

బాపిరాజు నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

ఆమె ముంజేతి చర్మం గిల్లి చూపించింది. "దీన్ని?"

"తోలు."

"మావాడు తోళు ఊడింది సామీ అన్న్యాడు. నువ్వు తోలు అతుక్కుంటాది అన్న్యావు. కట్టు కట్టేవాణ్ణి నేను పిలస్తానంటే, మనాయన చెప్పినాడు మా, మనాయన చెప్పినాడు అని నా నోరు మూసినాడు. నువ్వు అరవాడివి అయ్యుంటే నిన్ను నమ్మేవాడు కాదయ్యా వాడు. నీకు తెలుగు రాకపోయి ఉంటే నా కోడలి చెయ్యి ఉండేది."

బాపిరాజు బల్ల పట్టుకుని కూర్చున్నాడు. "మా యానాంలో ఆ మాట లేదండీ. ఒట్టు, నేను వినలేదండీ" అన్నాడు. ఆపైన, "ఒక్కసారి చెయ్యి ఎత్తమ్మా అని అడగలేకపోయానండీ" అని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ఆ కన్నీళ్ళతో నాకు పని లేదు. డాక్టరు చూడాల్సిన రోగిని కాంపౌండరు చెవితో చూశాడు, డాక్టరు కాంపౌండరు నోటితో చూశాడు. రోగిని చూసింది జయమ్మాళ్ ఒక్కతే. ఆమెను గుమ్మం బయట పెట్టారు.

ఆ భుజం పైన, బయటి వైపు, అరచెయ్యి ఆనేంత మేర తిలకవతికి స్పర్శ లేదు. గుండు జారినప్పుడు దాని కిందుగా చుట్టి పోయే నరం నలిగిందని దేవరాజన్ చెప్పాడు. ఆ సంగతి ఆమెకు ఎలా తెలిసిందంటే, ఒక మధ్యాహ్నం కూర్చుని ఉండగా పాప వెనక నుంచి వచ్చి ఆ భుజానికి బుగ్గ ఆనించి పిలిచింది. పిల్ల గొంతు చెవి పక్కన వినపడుతోంది, పిల్ల మాత్రం తగలడం లేదు. తిలకవతి ఉలిక్కిపడి, "అత్తా, పాప యాడ?" అంది.

"నీ తోళు మీదే ఉండాది కదే" అంది మీనాంబాళ్.

తిలకవతి అంతవరకూ ఏడవలేదు. ఆ పూట ఏడ్చింది.

తరవాత మిల్లు కబురు పెట్టింది. పుండు మానింది, పనికి రమ్మని. వెళ్ళింది. చట్రం దగ్గర పనంతా చేయగలదు. మోచెయ్యి వంగుతుంది, మణికట్టు తిరుగుతుంది, వేళ్ళు నూలు ముడి వేస్తాయి. భుజం ఒక్కటే ఎత్తలేదు. చిలపను ఎడమచేత్తో విసిరి చూసింది. కొక్కేనికి తగిలి కింద పడింది. మళ్ళీ విసిరింది. జయమ్మాళ్ అందుకుని తగిలించబోతే మేస్త్రీ వేలాయుధం అడ్డం వచ్చాడు. అతను తెలుగు ఇంటివాడే.

"ఎవుతి పని ఆయమ్మే చెయ్యాల. కొక్కుకి రెక్క పోతే చెరువులో ఏం పని? ఇంటికి పో మా."

పో అన్న మాటకు ఆమె ఒక్క క్షణం భుజం పట్టుకుంది. తరవాత అర్థమై, చెంగు దులుపుకుని బయటికి నడిచింది.

ఆడవాళ్ళు మేనేజరు గదికి వెళ్ళారు. ఆ కొక్కేలను ఛాతీ ఎత్తుకు దించండి, ఆమె పని ఆమె చేసుకుంటుంది, మా భుజాలూ బతుకుతాయి అన్నారు. ఫిట్టరును అడిగితే, "ఒక పూట పని" అన్నాడు. మేనేజరు మాత్రం, పరిపాలన మారుతోంది, కొత్త చట్టం ఏమంటుందో చూడాలి, అప్పటిదాకా మేకు కూడా కదపను అన్నాడు. కొత్త ఆఫీసుకు వెళ్ళాం. దెబ్బ తగిలింది నవంబరుకు ముందు గనక ఫ్రెంచి వాళ్ళను అడగాలన్నారు. ఫ్రెంచి వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాం. ఇప్పుడు అధికారం తమ చేతుల్లో లేదన్నారు. రెండు ప్రభుత్వాలు కలిసే కీలు ఇది. గుండు ఇటు లేదు, అటు లేదు, జారి మధ్యలో పడి ఉంది. ఎవడూ చెయ్యి వేసి చూడడు. చూడకుండా ఉంటే ఇదీ ఇలాగే గట్టిపడిపోతుంది. అప్పుడు ఎంత లాగినా రాదు.

అందుకే ఇప్పుడు అడుగుతున్నాం. దండాలు పెట్టి అడగడం లేదు.

జెండా ఎవరిదైనా సరే, తిలకవతికి దెబ్బ తగిలింది మిల్లులో, పనిలో ఉండగా, అని ఒప్పుకోండి. మద్రాసులో కోసి చూడాలంటే పంపించే బాధ్యత మిల్లుది, పంపించారా లేదా అని చూసే బాధ్యత కొత్త ప్రభుత్వానిది. పట్టాలకు తడికలు కట్టండి. మిల్లు వైద్యశాలలో చెయ్యి కడుక్కుని రోగిని ముట్టుకునే డాక్టరును పెట్టండి. తోడు వచ్చిన మనిషి ఏ భాషలో చెప్పినా లోపల నిలబెట్టి వినండి. ఇది చదవగలిగినవాళ్ళు, చదవలేనివాళ్ళకు గేటు దగ్గర చదివి వినిపించండి.

ఆ కొక్కేలను కిందికి దించండి. ఫిట్టరు సిద్ధంగా ఉన్నాడు. ఈ వారమే దించి, తిలకవతిని పేరు పెట్టి పిలిచి, ఆమె చట్రం ఆమెకు ఇవ్వండి. లేకపోతే సోమవారం పొద్దున రీలింగు సెక్షనులో ఒక్క చెయ్యి కూడా పైకి లేవదు.